వేరు పుట్టాలంటే ఆక్సిన్, సాగాలంటే ఆమ్లత్వం: రెండూ చూసుకోవడం ఎలా

నాటిన కొమ్మకు వేరు రాకపోతే చాలామంది వెంటనే చేసే పని, తర్వాతి కొమ్మకు రూటింగ్ పౌడర్ (వేర్లు పుట్టించే హార్మోన్ పొడి) ఇంకాస్త దట్టంగా అద్దడం. కుండీలో మొక్క ముడుచుకుపోయి ఉంటే ఎరువు వేయడం. రెండు చోట్లా తేడా ఎక్కువసార్లు మట్టి కిందే ఉంటుంది, అక్కడ పెత్తనమంతా ముఖ్యంగా రెండిటిది: మొక్క సొంత హార్మోన్లు, వేరు చుట్టూ ఉన్న ఆమ్లత్వం. ఈ రెండిటి గురించి విడివిడిగా చెప్పే సలహాలు బోలెడు దొరుకుతాయి. కానీ అవి ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి, కలిపి చూస్తే తప్ప ఏది ఎంత ఇవ్వాలో, ఎక్కడ ఆపాలో అంతుపట్టదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కొత్త వేరును పుట్టించేది ఆక్సిన్ అనే మొక్క హార్మోన్, పుట్టిన వేరు పొడవు సాగకుండా ఆపేది కూడా అదే ఆక్సిన్. అందుకని హార్మోన్ కాసేపు తగిలించి వదిలేయాలి, ఆ తర్వాత శ్రద్ధంతా పీహెచ్ మీద, అంటే ఆమ్లత్వం కొలత మీద పెట్టాలి (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ).

వేరు ఎక్కడ సాగుతుందో ముందు కళ్లారా చూడండి

చిక్కుడు జాతి విత్తనం ఏదైనా ఒకటి తడి కాగితంలో చుట్టి మొలకెత్తించండి. వేరు రెండు సెంటీమీటర్లు వచ్చాక, నీటికి చెరగని ఇంకుతో కొన నుంచి పైకి ఒక్కో మిల్లీమీటరు ఎడంలో సన్నటి గీతలు పెట్టండి. పెన్ను మొన అయితే వేరు గాయపడుతుంది, సన్నటి దారాన్ని ఇంకులో ముంచి ఆనిస్తే గీత చక్కగా పడుతుంది. మళ్లీ తడి కాగితంలోనే కొన కిందికి ఉండేలా నిలబెట్టి ఒక రోజు ఆగండి. పైన పెట్టిన గీతలు ఎక్కడివక్కడే ఉంటాయి. కొనకు దగ్గరున్నవి మాత్రం ఒకదానికొకటి దూరంగా జరిగిపోయి, ఇంకు సాగి పలచబడినట్టు కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో జర్మన్ వృక్షశాస్త్రవేత్త జూలియస్ సాక్స్ వేరు పెరుగుదలను కొలిచింది ఇలాంటి ఇంకు గీతలతోనే, ఇప్పటికీ దీనికి మించిన పాఠం లేదు.

అంటే వేరు మొత్తం సాగదన్నమాట. చివర వేరు తొడుగు, దాని వెనక కణాలు విభజన చెందే చోటు, ఆ వెనక కొద్ది మిల్లీమీటర్ల మేర కణాలు పొడవు సాగే చోటు ఉంటాయి. నూగులాంటి మూలకేశాలు మొదలయ్యే దగ్గర సాగడం దాదాపు అయిపోయినట్టే. హార్మోన్ మేలు చేసినా, యాసిడ్ దెబ్బ కొట్టినా ఆ కొద్దిపాటి చోటులోనే. మొక్కను మార్చి నాటేటప్పుడు కొనలు తెగిపోతే కొన్నాళ్లు కదలిక లేకుండా నిలబడిపోయేది ఇందుకే.

ఇప్పుడు ఆ సాగే చోట ఒక్క కణాన్ని దగ్గరగా చూద్దాం. దాని చుట్టూ గట్టి కణకవచం ఉంటుంది, లోపల నీటి ఒత్తిడి ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది. కవచం వదులైతే కణం సాగుతుంది, లేకపోతే లేదు. ఆ వదులు చేసేది ఆమ్లం. కణపొరలో ఉండే ప్రోటాన్ పంపులు హైడ్రోజన్ అయాన్లను బయట ఉన్న కవచంలోకి నెడతాయి, అక్కడ పీహెచ్ 5 చుట్టుపక్కలకి దిగేసరికి ఎక్స్‌పాన్సిన్ అనే ప్రోటీన్లు పని మొదలుపెట్టి సెల్యులోజ్ పోగుల మధ్య పట్టు సడలిస్తాయి. ఆక్సిన్ ఇస్తే ఈ పంపులు జోరందుకుంటాయనే సిద్ధాంతం 1970ల మొదట్లో, ఓట్స్ మొలకల లాంటి వాటి మీద చేసిన పనితో నిలబడింది. ఎక్స్‌పాన్సిన్లు బయటపడింది మాత్రం 1992లో.

కాండం వరకు లెక్క సూటిగానే ఉంది, ఆక్సిన్ పెరిగితే కవచం పులుపెక్కుతుంది, పులుపెక్కితే కణం సాగుతుంది. వేరు దగ్గరికొచ్చేసరికి తిరగబడుతుంది. కాండానికి హాయిగా సరిపోయే ఆక్సిన్ మోతాదు వేరుకి వేల రెట్లు ఎక్కువ. కొంచెం ఎక్కువ తగిలినా నిమిషం తిరిగేలోపే వేరు సాగడం తగ్గిపోతుంది, కడిగేస్తే అంత త్వరగానూ కోలుకుంటుంది. ఎందుకిలా అన్నది 2021లో వచ్చిన పరిశోధనలతో బాగా స్పష్టమైంది. వేరు కణంలో ఆక్సిన్ ఒకేసారి రెండు దారుల్లో పనిచేస్తుంది: కణపొర మీదున్న టీఎంకే1 అనే ప్రోటీన్ ద్వారా ప్రోటాన్లను బయటికి తోయిస్తుంది, కణం లోపలున్న టీఐఆర్1 కుటుంబం గ్రాహకాల ద్వారా ప్రోటాన్లు లోపలికి వచ్చేలా చేస్తుంది. ఈ లాగుడులో వేరు కణంలో రెండోదే గెలుస్తుంది, కవచంలో పీహెచ్ పెరుగుతుంది, కవచం బిగుసుకుంటుంది, వేరు ఆగుతుంది.

ఇదేదో లోపం అనుకోకండి, వేరు దారి పట్టుకునేదే దీనితో. వేరును అడ్డంగా పడుకోబెడితే ఆక్సిన్ కింది వైపు ఎక్కువగా చేరుతుంది, అక్కడ పీహెచ్ పెరిగి కణాలు సాగవు, పైవైపు ఆమ్లంగానే ఉండి సాగుతాయి, దాంతో వేరు కిందికి వంగుతుంది. ఒకే హార్మోన్, ఒకే ఆమ్లత్వం తేడాతో మొక్క తన వేరును చీకట్లో నడిపించుకుంటుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇంకో ముక్క కూడా ఇక్కడే చెప్పాలి, మందు కలిపేటప్పుడు పనికొస్తుంది. ఆక్సిన్ తానే ఒక బలహీన ఆమ్లం. సహజ ఆక్సిన్ అయిన ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం, అంటే ఐఏఏ, కవచంలో పీహెచ్ 5.5 ఉన్నప్పుడు సుమారు 15 శాతం చార్జి లేని రూపంలో ఉంటుంది, ఆ రూపం కణపొరను దాటి లోపలికి జారిపోగలదు. లోపల పీహెచ్ 7 దగ్గర ఉంటుంది కాబట్టి వెళ్లిందంతా దాదాపుగా చార్జి పట్టి లోపలే చిక్కుకుంటుంది, బయటికి రావాలంటే ప్రత్యేకమైన వాహక ప్రోటీన్లు ఉండాలి. ఆ వాహకాలు కణానికి ఏ వైపున ఉంటే ఆక్సిన్ ఆ వైపుకే ప్రయాణిస్తుంది. కాండంలో అవి అడుగు వైపు ఉంటాయి. చిగురులోనూ లేత ఆకుల్లోనూ తయారైన ఆక్సిన్ కిందికే దిగి కొమ్మ మొదట్లో పోగుపడేది అందుకే, కొమ్మను తలకిందులుగా గుచ్చితే ఆ పోగు తప్పు కొనలో పడుతుంది.

మిగతా హార్మోన్లు ఏం చేస్తాయి

సైటోకైనిన్ చిగుళ్ల పక్షం. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణజాలం మీద చూపించింది ఇదే: ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగుళ్లు, రెండూ సమంగా ఉంటే రూపం లేని కణాల ముద్ద. కాబట్టి చిగుళ్ల కోసం అమ్మే సైటోకైనిన్ స్ప్రేలు వేర్లు రావాల్సిన కొమ్మ మీద కొట్టకండి. కొబ్బరి నీళ్లలో కొమ్మలు నానబెట్టమనే సలహా కూడా ఉంది, కొబ్బరి నీళ్లలో సైటోకైనిన్లు ఉంటాయి, చక్కెర కూడా ఉండి బూజు పడుతుంది, నేనైతే వద్దంటాను. జిబ్బరెలిన్ కూడా కొత్త వేర్లు పుట్టడాన్ని అడ్డుకునేదే.

ఇథిలీన్ గురించి కాస్త ఎక్కువ తెలుసుకోవాలి, ఎందుకంటే దాన్ని మనం కొనకపోయినా అది వచ్చి పడుతుంది. అదొక వాయువు, వేరు దానంతటదే తయారుచేస్తుంది, మామూలుగా మట్టి సందుల్లోంచి బయటికి పోతూ ఉంటుంది. మట్టి గట్టిపడినా, నీరు నిలిచి సందులు మూసుకుపోయినా పోయే దారి లేక వేరు చుట్టూనే పోగవుతుంది. అప్పుడు వేరు పొట్టిగా, లావుగా అవుతుంది, మూలకేశాలు ఎక్కువవుతాయి. ఇథిలీన్ ఈ పని చేసేది చాలా వరకు ఆక్సిన్ ద్వారానే, వేరు కొన దగ్గర దాని తయారీని పెంచి. అంటే మట్టి దిమ్మిసవేసినట్టు ఉన్న కుండీలో మొక్కకు హార్మోన్ అవసరం లేదు, ఆల్రెడీ అక్కడ ఎక్కువే ఉంది. గాలి ఆడేలా చేస్తే చాలు.

కొమ్మకు వేరు పట్టించడం

కొమ్మ ఎంపికే సగం పని. పూత మీదున్న కొమ్మ వద్దు, బలంగా ఎదుగుతున్నది, తెగులు లేనిది చూసి తెల్లవారుజామునో ఉదయాన్నో, ఆకులు నీటితో బిర్రుగా ఉన్నప్పుడు తీసుకోండి. 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవు, అడుగున కణుపుకి కాస్త కిందగా, పదునైన బ్లేడుతో కోయాలి. కింది ఆకులు తీసేసి పైన రెండో మూడో ఉంచండి, పెద్దవైతే సగానికి కోయండి. ఆకులన్నీ పీకేసి మోడు గుచ్చేవాళ్లున్నారు. ఆకుల్లేని ముదురు కొమ్మకు లోపల నిల్వ ఉంటుంది కాబట్టి కొన్ని రకాలకు నడుస్తుంది, లేత కొమ్మకు మాత్రం ఆకులే తిండి, ఆకులే ఆక్సిన్. ముదురు కొమ్మ అయితే అడుగున రెండు సెంటీమీటర్ల మేర ఒక పక్క బెరడు పలచగా చెక్కితే మందు బాగా అందుతుంది, గాయం దగ్గర వేర్లు పుట్టడమూ సులువు.

మందుల్లో ఐబీఏ (ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం) అనే ఆక్సిన్ రకం తీసుకోండి. సహజమైన ఐఏఏ వెలుతురుకి పాడవుతుంది, మొక్కలోని ఎంజైములూ సూక్ష్మజీవులూ కూడా దాన్ని త్వరగా విరగ్గొడతాయి. ఐబీఏ నిలకడగా ఉండి మొక్క లోపల మెల్లగా ఐఏఏగా మారుతుంది. ఎన్‌ఏఏ అనే కృత్రిమ ఆక్సిన్ ఘాటైనది, మోతాదు కాస్త మించితే కొమ్మ మొదలు మాడుతుంది.

మోతాదు విషయానికొస్తే, లేత కొమ్మలకు 500 నుంచి 1500 పీపీఎం, సగం ముదిరిన వాటికి 1000 నుంచి 3000, బాగా కట్టెబారిన వాటికి 3000 నుంచి 8000 వరకు వాడతారు. తెలియని మొక్క అయితే తక్కువ వైపు నుంచే మొదలుపెట్టండి. 1000 పీపీఎం అంటే లీటరుకి ఒక గ్రాము, అంటే 100 మి.లీ.కి 100 మిల్లీగ్రాములు. ఐబీఏ పొడి నేరుగా నీటిలో కరగదు, అందుకని ముందు 50 మి.లీ. ఆల్కహాల్‌లో పూర్తిగా కరిగించి, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్ కొద్దికొద్దిగా కలుపుతూ 100 మి.లీ.కి తీసుకురండి. పొటాషియం ఉప్పు రూపంలో దొరికే ఐబీఏ నీటిలోనే కరుగుతుంది, లేత కొమ్మలకు ఆల్కహాల్ మంట లేకుండా అదే మంచిది. కానీ ఆ ద్రావణంలో పుల్లటి నీళ్లు కలిపితే ఉప్పు మళ్లీ ఆమ్ల రూపంలోకి మారి తెల్లగా విరిగిపోతుంది, మందు అడుగున పేరుకుంటుంది, పైన ఉన్న నీటిలో ముంచితే ఏమీ రాదు. ద్రావణం మబ్బుగా మారితే పారేసి కొత్తది చేసుకోవడమే. ముదురు రంగు సీసాలో, ఫ్రిజ్‌లో, లేబుల్ అంటించి, పిల్లలకు అందకుండా పెట్టండి. కలిపేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి.

ముంచడం మాత్రం ఐదే సెకన్లు. అడుగు ఒకటి రెండు సెంటీమీటర్లు ద్రావణంలో పెట్టి తీసి, ఒక నిమిషం ఆరనిచ్చి నాటేయండి. ఐదు సెకన్లే ఏంటి, ఓ గంట ఉంచితే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది, అక్కడే చెడేది. గంటల తరబడి నానబెట్టే పద్ధతి వేరే ఉంది, దానికి 20 నుంచి 200 పీపీఎం పలచటి ద్రావణం వాడతారు. రెండు పద్ధతుల్నీ కలిపేసి గాఢమైన దాంట్లో గంట నానబెడితే మొదలు నల్లబడుతుంది, ఆకులు పసుపెక్కి రాలతాయి, లేదా అడుగున కణాల గడ్డ ఊరి ఊరి దాని నుంచి మొటిమల్లాంటి పొట్టి వేర్లు వచ్చి అక్కడే ఆగిపోతాయి. ఆ పొట్టి వేర్లు చూసి మందు చాలలేదనుకుని మళ్లీ పూస్తారు, నిజానికి ఆక్సిన్ ఎక్కువై సాగలేకపోతున్న వేర్లవి.

పొడి మందు అయితే కావాల్సినంత వేరే మూతలో వేసుకుని వాడండి, డబ్బాలో నేరుగా ముంచితే తడి తగిలి మిగతాది పాడవుతుంది. అద్దాక కొమ్మను తట్టి ఎక్కువైంది రాలగొట్టండి. మట్టిలో పుల్లతో ముందే కన్నం చేసి అందులో దింపండి, లేకపోతే గుచ్చేటప్పుడు పొడంతా పైనే రాసుకుపోతుంది.

నాటే మిశ్రమం పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండేలా చూసుకోండి. పీట్ (కుళ్లిన నాచు మట్టి) ఒక్కటే అయితే 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది, సున్నపురాయి పొడి కలపకుండా వాడకూడదు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సాధారణంగా సరిపడా ఆమ్లంగానే ఉంటుంది కానీ ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు కడగాలి. ఇసుక వాడేవాళ్లు దాని మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూడండి, బుసబుసమని నురగ వస్తే అందులో గవ్వల పొడో సున్నమో ఉంది, పీహెచ్ పైకి లాగేస్తుంది. అడుగు వెచ్చగా 21 నుంచి 24 డిగ్రీల మధ్య, పైన గాలిలో తేమ, నేరుగా ఎండ పడని వెలుతురు. ఎరువు ఏదీ వద్దు.

వేరు కనిపించాక రెండోసారి హార్మోన్ ఇవ్వకండి. పుట్టే దశ మొదటి కొద్ది రోజుల్లో అయిపోతుంది, ఆ తర్వాత ఆక్సిన్ తగ్గితేనే వేరు పొడవు అందుకుంటుంది. చిన్న కణజాలం ముక్కల నుంచి మొక్కలు పెంచే టిష్యూ కల్చర్ ల్యాబుల్లో కూడా వేరు మొదలయ్యాక మొక్కల్ని హార్మోన్ లేని మీడియంలోకి (పోషక పదార్థంలోకి) మార్చే పద్ధతి ఉంది. అన్నట్టు అక్కడ వాడే మురాషిగే స్కూగ్ మీడియం పీహెచ్‌ని 5.7, 5.8 దగ్గర పెడతారు, ఆమ్లం వైపే.

మట్టి పీహెచ్ కొలవడం, సరిచేయడం

పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్ల తేడా, 6 నుంచి 4కి దిగితే వంద రెట్లు. కొద్దిపాటి తేడాయే కదా అని వదిలేయడానికి వీల్లేదు.

కొలవడానికి మట్టిలో గుచ్చే చవక మీటర్లను నమ్మొద్దు. ఎండిన మట్టి ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ రెండున్నర వంతులు బరువు ప్రకారం తీసుకుని బాగా కలిపి, అరగంట ఆగి, మళ్లీ ఒకసారి కలిపి పీహెచ్ పెన్నుతోనో స్ట్రిప్‌తోనో చూడండి. పెన్ను అయితే ముందు పీహెచ్ 4, 7 అని ఖాయంగా తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచూసుకోవాలి. నాటి ఉన్న కుండీ అయితే మట్టి తీయక్కర్లేదు: మామూలుగా నీళ్లు పోసి, అరగంటో గంటో ఆగి, పైన కొంచెం డిస్టిల్డ్ వాటర్ పోసి, అడుగు కన్నంలోంచి మొదట కారిన 50 మి.లీ. పట్టుకుని కొలవండి.

ఎక్కువ మొక్కలకు నేలలో 6 నుంచి 7, మట్టి లేని మిశ్రమాల్లో 5.5 నుంచి 6.5 అనువైనవి. బ్లూబెర్రీ లాంటివి 4.5 నుంచి 5.5 కోరుకుంటాయి, వాటి వేర్లు అలా అలవాటుపడ్డాయి. సాగడానికి ఆమ్లం కావాలన్నాను కదా, అలాగని మట్టిని పుల్లగా మార్చమని కాదు. కవచంలోని ఆమ్లాన్ని వేరు తనకు కావాల్సినంత తనే తయారుచేసుకుంటుంది, బయట మనం ఉంచాల్సింది ఆ పనికి అడ్డం రాని పీహెచ్. 5 కంటే దిగితే ఖనిజ నేలల్లో అల్యూమినియం కరిగి బయటికొస్తుంది, అదే అసలు విషం. లీటరులో మైక్రోమోల్స్ లెక్కలో, అంటే అతి కొద్దిగా ఉన్నా గంటల్లో వేరు కొన ఆగిపోతుంది, ఆ ఆపడంలో కూడా ఇథిలీన్, ఆక్సిన్ల పాత్ర ఉంది. ఇలాంటి నేలను తట్టుకునే గోధుమ రకాలు కొన నుంచి మాలిక్ ఆమ్లం వదిలి అల్యూమినియాన్ని కట్టిపడేస్తాయి. 4కి దిగిందంటే అల్యూమినియం లేకపోయినా హైడ్రోజన్ అయాన్లే వేరు కొనను దెబ్బతీస్తాయి.

ఆమ్లం ఎక్కువైతే సున్నపురాయి పొడి, మెగ్నీషియం కూడా తక్కువుంటే డోలమైట్ (మెగ్నీషియం ఉన్న సున్నపురాయి). ఎంత వేయాలన్నది మట్టిని బట్టి మారుతుంది, బంకమట్టికీ సేంద్రియం ఎక్కువున్న దానికీ ఇసుక నేల కంటే చాలా ఎక్కువ పడుతుంది, అందుకే భూసార పరీక్ష చేయించి ఆ లెక్క ప్రకారం వేయడం మేలు. వేళ్లున్న లోతు వరకు కలపాలి, పైన చల్లితే పైనే ఉండిపోతుంది. జిప్సం పీహెచ్‌ని పెద్దగా మార్చదు కానీ కాల్షియం కిందికి తీసుకెళ్లి లోతు మట్టిలో అల్యూమినియం దెబ్బ తగ్గిస్తుంది, సున్నపురాయికీ దీనికీ ఆ తేడా గుర్తుంచుకోండి.

క్షారం ఎక్కువైతే గంధకం. మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చాలి, దానికి వెచ్చదనం, తేమ, వారాల నుంచి నెలల సమయం కావాలి, కాబట్టి ఈ రోజు వేసి రేపు కొలిచి మళ్లీ వేయకండి. మట్టిలోనే సున్నం గులకలు ఉంటే గంధకం ఎంత వేసినా మింగేస్తుంది, అలాంటి చోట పెద్ద కుండీలోనో ఎత్తు మడిలోనో వేరే మిశ్రమంలో పెంచడమే తెలివైన పని.

పీహెచ్ 7.5 దాటితే ఇనుము, జింకు, మాంగనీసు, భాస్వరం మట్టిలో ఉన్నా అందవు. ఇందులో జింకు నేరుగా హార్మోన్ల కథలోకి వస్తుంది: జింకు కొరత ఉన్న మొక్కలో ఆక్సిన్ మోతాదు పడిపోతుంది, ఆకులు చిన్నవై కణుపులు దగ్గర దగ్గరగా గుత్తిలా తయారవుతాయి. అలాంటి తల్లిమొక్క నుంచి కొమ్మలు తీసి వేరు రాలేదని బాధపడే బదులు, ముందు దానికి జింకు సల్ఫేట్ స్ప్రే ఇచ్చి కోలుకున్నాక తీయండి.

కుండీల్లో పీహెచ్ పైకి పాకడానికి పెద్ద కారణం నీళ్లు. బైకార్బనేట్లు ఎక్కువున్న నీళ్లు పోస్తుంటే నెలల్లో మిశ్రమం క్షారమవుతుంది, ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా కనిపించడం దాని గుర్తు. వాన నీళ్లు ఉత్తమం. లేకపోతే బకెట్ నీళ్లలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) చిటికెడు చిటికెడుగా కలుపుతూ పీహెచ్ 6 దగ్గరికి తెచ్చి పోయండి. సూక్ష్మజీవులు నిమ్మ ఉప్పుని తినేస్తాయి కాబట్టి దీని ఫలితం కొద్ది రోజులే, ప్రతిసారీ కలపాల్సిందే.

వేరు తన చుట్టూ పీహెచ్‌ని తానే మారుస్తుంది

ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు. మీరు కొలిచిన మట్టి పీహెచ్ 6.5 అయినా, వేరుని అంటుకుని ఉన్న మిల్లీమీటరు మట్టిలో అది రెండు అంకెల దాకా తేడాగా ఉండొచ్చు. నత్రజని అమ్మోనియం రూపంలో ఇస్తే వేరు దాన్ని తీసుకుంటూ ప్రోటాన్లు బయటికి వదులుతుంది, చుట్టూ ఆమ్లం పెరుగుతుంది. నైట్రేట్ రూపంలో ఇస్తే ఎదురు జరుగుతుంది, చుట్టూ క్షారం పెరుగుతుంది. కాబట్టి క్షారపు మిశ్రమంలో మొక్క పసుపెక్కుతుంటే ఎరువులో అమ్మోనియం పాలు పెంచడం గంధకం కంటే మెత్తటి మార్గం. ఆమ్ల మట్టిలో అమ్మోనియం ఎరువు ఏళ్ల తరబడి వేస్తూ పోతే మాత్రం ఇంకా దిగజారుతుంది, అక్కడ కాల్షియం నైట్రేట్ నయం.

ఇనుము దొరకనప్పుడు చిక్కుడు, టమాటా లాంటి మొక్కలు ప్రోటాన్ పంపుల్ని పెంచి మట్టిని ఆమ్లంగా చేసి ఇనుము లాక్కుంటాయి. వరి, గోధుమ, జొన్న లాంటి గడ్డి జాతి వాళ్ల పద్ధతి వేరు, అవి ఇనుమును పట్టుకొచ్చే పదార్థాలు వదులుతాయి. తెల్ల లూపిన్ అనే చిక్కుడు జాతి మొక్క అయితే భాస్వరం తక్కువైనప్పుడు గుబురు గుబురుగా పిల్లవేర్లు పుట్టించి సిట్రిక్ ఆమ్లం కక్కుతుంది. కణాన్ని సాగదీసే పంపే ఇక్కడ తిండి తెచ్చే పంపు కూడా.

అనుమానమొస్తే మొక్కను తీసి వేరు చూడండి

కుండీని బోర్లించి మట్టిగడ్డతో సహా మెల్లగా బయటికి తీసి, పక్కనున్న వేర్లను నీటిలో కడిగి తెల్ల పళ్లెంలో పరిచి చూడండి. కొనలు తెల్లగా, సన్నగా, మొన తేలి ఉంటే ఏ మందూ వద్దు, తిరిగి పెట్టేయండి. కొనలు మొద్దుబారి, గోధుమరంగుకి తిరిగి, పెళుసుగా పుటుక్కున విరుగుతూ పిల్లవేర్లు లేకుండా ఉంటే పీహెచ్ కొలవండి, 5 కింద ఉండే అవకాశం ఎక్కువ. కొనే చచ్చిపోయి నల్లబడితే, పీహెచ్ బాగానే ఉంటే, బోరాన్, కాల్షియం కొరతలు కూడా అనుమానించాలి. పొట్టిగా లావుగా ఉండి నూగు దట్టంగా ఉంటే గట్టి మట్టి, ఇథిలీన్ పోగు. గోధుమరంగులో మెత్తగా, లాగితే పైతొక్క జారిపోయి లోపలి దారం మిగిలితే అది కుళ్లు, అక్కడ హార్మోన్లకీ పీహెచ్‌కీ సంబంధం లేదు, నీళ్లు తగ్గించి కుళ్లిన భాగం కోసేయాలి.

మీ నీళ్లూ మీ మట్టీ వేరుకి ఎలా ఉన్నాయో ముందే తెలుసుకోవాలంటే పెసర విత్తనాలతో చిన్న పరీక్ష చేయండి. నాలుగు మూత డబ్బాల్లో టిష్యూ పేపర్ పరిచి, ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఒకదాంట్లో మీరు రోజూ పోసే నీళ్లు, మూడోదాంట్లో అవే నీళ్లు నిమ్మ ఉప్పుతో 6కి తెచ్చినవి, నాలుగోదాంట్లో ఒక వంతు మట్టిని రెండున్నర వంతుల నీళ్లలో కలిపి వడగట్టినవి పోయండి. ఒక్కోదాంట్లో ఒకే సైజు మొలకలు, వేరు అర సెంటీమీటరు వచ్చినవి, పదేసి పెట్టి చీకట్లో ఉంచండి. రెండు రోజుల తర్వాత స్కేలుతో వేర్లు కొలిచి ఒక్కో డబ్బాకి సగటు తీయండి. రెండోదాని కంటే మూడోది పొడవుగా వస్తే మీ నీళ్లే సమస్య. నాలుగోది ఒక్కటే పొట్టిగా, కొనలు మొద్దుగా వస్తే మట్టి పీహెచ్, ఆ తర్వాత ఉప్పు కొలవండి. నాలుగూ ఒకేలా ఉంటే పీహెచ్ జోలికి పోకుండా కొమ్మ ఎంపిక, ముంచిన సమయం, అడుగు వెచ్చదనం మళ్లీ సరిచూసుకోండి.